కాముని పున్నమికి కట్టిన చీర

"ఈ రంగు కావల్ల," అంటూ ఆ పిల్ల గుప్పెడు మోదుగ పూలు మగ్గం మీద కుమ్మరించింది.

అయ్యన్న చేతిలో అటూ ఇటూ పోగు మోసే నాడె ఆగిపోయింది. నేస్తున్న దారం మీద పచ్చి పూలు పోస్తే మరక పడుతుందన్న ఇంగితం ఎమ్మిగనూరు నేతవీధిలో పాలు తాగే పిల్లకు కూడా ఉంటుంది. ఈమెకు లేదు.

"తీయమ్మే ఆ పూలు. ఇదేమన్నా గుడి అనుకున్నావా?"

"గుడిలో ఏస్తే దేవుడు గమ్మునుంటాడు. నువ్వు దేవుని కన్నా పెద్దోనివా అన్నా?"

ఆ 'అన్నా' దగ్గర అయ్యన్నకు చురుక్కుమంది. పక్కింటి దేవక్కకు ఈమె సొంత చెల్లెలు, పేరు మాదేవి. దేవక్క మొగుణ్ణి అయ్యన్న చిన్నప్పటి నుంచీ అన్న అనే పిలుస్తాడు. దేవక్క అతనికి వదిన. ఆ లెక్కన ఈ పిల్ల తనను బావా అనాలి.

"వరస తెలీదా నీకు?"

"తెలుసు. తెలిసే అంటాండా."

నవ్వుకుంటూ పోయింది. పూలు మాత్రం అక్కడే ఉన్నాయి.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం. సంతెకుడ్లూరులో చేలపని అయిపోయిందని, అక్క ఇంట్లో నూలు కండెలు చుట్టి పెట్టడానికి వచ్చింది మాదేవి. హోళీ నాటి కాముని పున్నమి పండక్కి చీర కావాలని తండ్రి గోవిందన్నను అడిగితే ఆయన సరేనన్నాడు. దేవక్క పక్కింటి మగ్గానికి పురమాయించింది. ఇక అక్కడి నుంచి అయ్యన్న కష్టాలు మొదలైనాయి.

మగవాడికి ప్రేమ పుట్టిన సంగతి ముందుగా చెప్పేది కుళ్ళే. గుండె ఆ తర్వాత తీరిగ్గా మేలుకుంటుంది. అయ్యన్నకు ఆ కుళ్ళు హుసేనప్ప అనే పేరుతో వచ్చింది.

"మా హుసేనప్ప మామ కాడ ట్రాన్సిస్టర్ ఉండాది," అంది ఒకరోజు మాదేవి, పిట్టగోడ అవతల రాట్నం తిప్పుతూ. "సైకిల్ హ్యాండిలుకు తగిలించుకొని పాటలు పెట్టుకొని వస్తాడు. ఊరంతా ఇంటాది."

"ఎవరా మామ?"

"మా అమ్మకు సిన్నాయన కొడుకు. ఆదోనిలో పత్తి మిల్లులో పని. మీసం ఇట్లుంటాది." మూతి మీద నల్లదారం పోగు ఒకటి అడ్డంగా పెట్టుకుని చూపించింది.

"పెండ్లయిందా?"

"కాలేదు. ఎందుకు, నువ్వు సేసుకుంటావా?"

రాట్నం దగ్గరున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అయ్యన్న మాత్రం నవ్వలేదు. అమ్మకు తమ్ముడు వరస. అంటే మేనమామ. సీమలో ఆ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు, మేనకోడలి మెడలో తాళి కట్టడానికి ముందు నిలబడేవాడు వాడే. తానేమో అన్న, వాడేమో మామ. 

అయినా చీర నేశాడు. మోదుగ రంగు రావడానికి నూలుకు రంగు వేసే సాయిబు ప్రాణం తోడేశాడు. ఒకసారి ఎర్రగా వస్తే వద్దన్నాడు, ఇంకోసారి కుంకుమ పువ్వులా ఉందంటే అదీ వద్దన్నాడు. చివరికి పువ్వును తీసుకెళ్ళి సాయిబు ముందు పెట్టి కూర్చున్నాడు. అంచు చిలకపచ్చ. మడత విప్పి చూపిస్తే మాదేవి చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం అయ్యన్న చూసింది అదే మొదటిసారి.

"బాగుండాది," అంది చివరికి. "కాముని పున్నమికి మా ఊరికి రాకూడదా? సూడ్డానికి శానా కుశాలగా ఉంటాది. మొక్కు ఉన్న మగోళ్ళు సీరలు గట్టుకొని రతీమన్మథుల గుడికి పోతారు."

"మీసాలు పెట్టుకొని సీరలా?"

"అవును. గాజులు గూడా."

"సిగ్గు లేదా మీ ఊరోళ్ళకి? నేనైతే సచ్చినా కట్టను."

"మొక్కుకు సిగ్గేంది? ఈ యేడు హుసేనప్ప మామ కడతాండాడు."

"ఏం మొక్కు?"

"పెండ్లి మొక్కంట. ఎవరితో అని అడిగితే నగుతాడు, సెప్పడు." చీర మడత పెట్టుకుని ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. "సరే అన్నా. నువ్వు కట్టొద్దులే."

మరుసటి వారం ఆమె ఊరికి పోయింది. రాట్నం చప్పుడు లేని వీధిలో అయ్యన్న మగ్గం మాత్రం టకటకలాడుతూ ఒకటే మాట చెప్పేది. పెండ్లి మొక్కంట, పెండ్లి మొక్కంట.

*

పున్నమి రోజు పొద్దున దేవక్కతో కలిసి అయ్యన్న బయలుదేరాడు. పుట్టింటికి పోతూ తోడు రమ్మంది ఆమే. ఆదోనిలో బస్సు మారి, రోడ్డు మీద దిగి, మిగతా దారి నడక.

చేలన్నీ ఖాళీ. నల్లరేగడి నోళ్ళు తెరుచుకుని పడి ఉంది. మార్కెట్టుకు పోయిన బండ్ల నుంచి రేగిన పత్తి దారి పొడుగునా తుమ్మకొమ్మలకు చిక్కుకుని, ఆ ముళ్ళచెట్లే పూత పూసినట్టున్నాయి. వేపలకు ఎర్రని లేత చిగురు. ఎవరో చింతకాయలు దులుపుతున్న చప్పుడు. దూరంగా గుట్ట మీద ఆకు ఒక్కటి లేకుండా మోదుగలు మండుతున్నాయి.

దేవక్క ఒక వేప చిగురు తుంచి నోట్లో వేసుకుంది. "నువ్వూ తిను. ఈ పొద్దు నీ మొగం సూస్తే దీని కన్నా సేదుగా ఉండాది."

"ఏం లేదు వదినా."

"ఏం లేకుంటే బస్సులో హుసేనప్ప గురించి అన్ని మాట్లు ఎందుకడిగినావు? వాని జీతమెంత, వాని ఇల్లెంత, వాని మీసం నిజమైందేనా. పోలీసోళ్ళు గూడా అంత అడగరు."

అయ్యన్న చిగురు నమిలాడు.

"సూడప్పా," అంది దేవక్క నడక ఆపి. "మా నాయిన దగ్గర నీ మాట తీసినా. పండగలో పిల్లగాన్ని సూస్తా, నచ్చితే ఉగాదికి మాటిస్తా అన్న్యాడు. ఈ పొద్దు మా నాయిన ముందర కొంచెం మనిషి మాదిరి ఉండు. సాలు."

అయ్యన్నకు కాళ్ళు నేల మీద ఆనలేదు. కొమ్మకు వేలాడే పత్తి ఇంత లాగి దేవక్క మీదికి ఊదాడు. వేపచిగురు కూడా తీపెక్కింది. ఆ తీపి ఊరి పొలిమేర దాకా ఉంది.

*

ఊళ్ళోకి అడుగు పెట్టగానే డప్పులు. రంగునీళ్ళలో ముంచి తీసినట్టున్నారు జనం. గుడి వైపు ఆడవాళ్ళ గుంపొకటి పోతూ ఉంది. దగ్గరికి వెళితే వాళ్ళంతా మగవాళ్ళు. ఒకాయన నెత్తి మీద ముసుగు, మూతి మీద తెల్లమీసం. ఒక కుర్రవాడు ముక్కుపుడక పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. ఎవ్వరూ వెకిలిగా నవ్వడం లేదు. గుంపు పోతుంటే ముసలివాళ్ళు లేచి దారి ఇస్తున్నారు.

గోవిందన్న ఇంటి ముందు అరుగు దగ్గరికి వచ్చి అయ్యన్న నిలబడిపోయాడు.

అరుగు మీద ఒక పొడుగాటి మీసాల మనిషి చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. ఒంటి మీద మోదుగ రంగు చీర, చిలకపచ్చ అంచు. అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో పిన్నీసు కరుచుకుని, కుచ్చిళ్ళు సర్దుతూ మాదేవి కిలకిలా నవ్వుతూ ఉంది.

"కడుపు లోపలికి పీల్చు మామా. మిల్లులో అన్నం శానా పెడ్తాండారా?"

"గిలి ఐతాండాది, నిదానంగా."

సాయిబును ఏడిపించి వేయించిన రంగు. మాట కూడా రాకుండా ఆమె చూసిన చీర. ఆ తర్వాత తానేం చేశాడో అయ్యన్నకు సరిగ్గా గుర్తు లేదు. ఊరికి మాత్రం బాగా గుర్తుంది.

"విప్పు," అన్నాడు. "విప్పుతావా లేదా ఆ సీర."

హుసేనప్ప చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "ఎవరప్పా నువ్వు?"

"నేసినోన్ని. ఆమెకని నేసినా. నీ మీసానికి కాదు." మాదేవి వైపు తిరిగాడు. "పోగు పోగు సూసి నేస్తి. నువ్వు కట్టకముందే వీనికి సుట్టినావా? నవ్వుకుంటా నడుం కాడ సేతులు పెట్టి సర్దుతాండావే, ఇంగ పెండ్లి ఎందుకు, మొక్కెందుకు?"

డప్పు ఆగింది. ఎవరో కొట్టడం మరిచిపోయారు.

మాదేవి నోట్లోంచి పిన్నీసు తీసింది. అరవలేదు. ఇంట్లోకి పోయి ఒక మడత చీర తెచ్చి అందరి ముందూ విప్పి పట్టుకుంది. మోదుగ రంగు. చిలకపచ్చ అంచు. మడతల గీతలు కూడా చెదరలేదు.

"ఒక పడుగుకు ఒక సీరనే దిగుతాదా మీ ఎమ్మిగనూరులో?"

అయ్యన్న రెండు అంచులనూ మార్చి మార్చి చూశాడు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి పరిస్తే ఆరు చీరలు. ఒకటి ఆమెకు. మిగిలినవి నేసి షావుకారుకు వేశాడు, షావుకారు ఆదోని షాపులకు పంపాడు. ఆ వీధిలో ఏ నేతగాడైనా నిద్రలో చెబుతాడు ఈ సంగతి. కడుపులో మంట ఉన్నవాడు తప్ప.

"నేసినోనికే తెలీకపోతే ఇంగెవరికి తెలియల్ల," అంది మాదేవి. చీర చుట్టుకుని లోపలికి పోయింది. తలుపు మాత్రం మెల్లగా వేసింది. గట్టిగా వేసినా బాగుండేది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని చూస్తున్న గోవిందన్న లేచి తలపాగా సర్దుకున్నాడు. "నువ్వేనా అయ్యన్న అంటే? మంచి పనోడు అని దేవక్క సెప్పింది. పనికేం వంక లేదప్పా. కానీ నీళ్ళకు పోయి వస్తే బాయికాడ ఎవరితో మాట్లాడినావని అడిగే మనిషికి నా బిడ్డనియ్యను. ఉగాదికి ఇంగోసోట సూస్తాం. అన్నం తినిపో."

అన్నం తినిపో అన్న ఆ మర్యాద చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

*

ఊరి బయట చేను గట్టున కూర్చున్నాడు అయ్యన్న. గాలికి పత్తి పోగులు ఎగురుతున్నాయి. తన మొహం తనకే చూపించుకోవాలనిపించలేదు.

కాసేపటికి చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, గట్టు మీద పడుతూ లేస్తూ హుసేనప్ప వచ్చాడు. పక్కన కూర్చుని బొడ్లోంచి బీడీల కట్ట తీశాడు.

"బాగనే నేసినావు. నడుస్తాంటే కాళ్ళకు అడ్డం పడ్తాది గానీ."

"కొట్టడానికి వచ్చింటే కొట్టు."

"సీర నలుగుతాది." ఒక బీడీ అతనికిచ్చాడు. "ఆస్పరిలో ఒక పిల్ల ఉండాది. వాళ్ళింట్లో నన్ను రెండేండ్లు తిప్పిరి. ఒప్పుకుంటే సీర గట్టుకొని వస్తానని రతీదేవికి మొక్కుకుంటి. మొన్న ఒప్పుకున్న్యారు. ఆమెకని ఆదోని బజార్లో కొన్న సీర ఇది. ముందు దేవుని ముందర నేను గట్టి, తర్వాత ఆమెకిస్తా."

"మాదేవికి సెప్పలేదా?"

"సెప్తే ఊరంతా తెలుస్తాది. దాని నోరు నీకు తెలీదా?" పొగ వదిలాడు. "అది నాతో నీ గురించి ఎంత సెప్పిందో తెలుసా? మగ్గం మీద పూలు పోస్తే ఎట్ల సూసినాడో, రంగు కోసం సాయిబును ఎట్ల సంపినాడో. వినీ వినీ నాకే బేజారొచ్చింది. నీ మీద నేను కుళ్ళుకోవల్ల గానీ నువ్వేంది?"

అయ్యన్న బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు.

"ఇప్పుడేం సెయ్యల్ల?"

"ఈ పొద్దు మా ఊర్లో సీర అడిగినోనికి ఏ ఇంట్లోనూ లేదనరు. పగోనికైనా సరే. నువ్వూ రతీదేవికి మొక్కుకొని పోయి అడుగు."

"సచ్చినా కట్టనని ఆమెతో అంటి."

"ఐతే సావు," అన్నాడు హుసేనప్ప తీరిగ్గా. "లేదంటే కట్టు."

*

గోవిందన్న గడపలోనే ఉన్నాడు. అయ్యన్న చెప్పులు దూరంగా విడిచి వచ్చి నిలబడ్డాడు. వీధంతా చూస్తూ ఉంది.

"సీర కావల్ల," అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. గోవిందన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆచారం ఆచారమే. "మాదేవీ, సీర అడుగుతాండారు. ఇయ్యి."

ఆమె వచ్చింది. దండెం మీద పాతచీరలు బోలెడున్నాయి. ఆమె చేతిలో ఉన్నది మాత్రం మోదుగ రంగుది. చేతికియ్యకుండా భుజం మీద పడేసింది.

"కట్టేది నేర్పడం మాత్రం మా ఇంట్లో లేదు."

చీర నేసే చేతులకు చీర కట్టడం రాదని అయ్యన్నకు ఆ రోజు తెలిసింది. కొట్టంలో ఎద్దుల మధ్య నిలబడి చుట్టుకున్నాడు. ఒక చివర నేల మీద ఈడ్చుకుపోతోంది, ఇంకో చివర మెడకు ఉరిలా పడింది. బయటికి రాగానే దేవక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

మొదట ఎదురొచ్చింది పక్కింటి అంజినమ్మ. పెళ్ళి కావలసిన పిల్ల, నోటికి తాళం లేదు.

"ఏం వదినా, యా ఊరు మీది?"

"ఎమ్మిగనూరు," అన్నాడు అయ్యన్న తల వంచుకుని.

"ఇందాక అరిసిన వదినేనా నువ్వు? అరిసేది నేర్పినారు, కట్టేది నేర్పలేదా? రా, సరిసేస్తా."

నలుగురు ఆడపిల్లలు చుట్టుముట్టారు. ఒకతె గాజులు తొడిగింది. ఒకతె మల్లెలు చెవి వెనక దోపింది. అంజినమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు విప్పి మళ్ళీ పోయసాగింది. మధ్యలో లేచి అతని చెవి దగ్గర ఏదో అంది. అయ్యన్న చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలంతా గొల్లున నవ్వారు.

అప్పుడు అయ్యన్న తలెత్తి అరుగు వైపు చూశాడు.

మాదేవి స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. చూపు అంజినమ్మ చేతుల మీద. ఆ చూపును అయ్యన్న ఎరుగును. తన మొహంలో పొద్దున్నించీ మోస్తున్నది అదే. లోపల నిప్పు పెట్టుకుని బయటికి ఏమీ లేనట్టు నిలబడడం ఎంత కష్టమో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు.

ఆమె అరుగు దిగింది. మెట్లు కాదు, దూకింది.

"అంజీ, లేయ్."

"ఏమే?"

"లేయంటాండా. కుచ్చిళ్ళు నేను పోస్తా."

"సీర నీదని అంత కోపమా? సీర ఇప్పించుకొని పో. మనిషిని ఈడనే ఇడిసిపో, మేం సూసుకుంటాం."

"మనిషిని ఇడిసేదానికి రాలేదు నేను," అంది మాదేవి.

నవ్వులు ఆగిపోయాయి. అన్న తర్వాత గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. చెంపలు ఆ చీరతో పోటీపడ్డాయి. ఇక వెనక్కి పోలేక, అంజినమ్మను పక్కకు నెట్టి, అయ్యన్న ముందు కూర్చుని కుచ్చిళ్ళు చేతిలోకి తీసుకుంది.

"ఊరి ముందర నన్ను అంత మాటన్న్యావు," అంది కిందికి చూస్తూ, అతనికి మాత్రమే వినబడేటట్టు.

"అన్న్యా. తప్పే."

"మళ్ల అంటావా?"

"నోరు తెరిసి అనను." కాస్త ఆగాడు. "కడుపులో మాత్రం మంట ఉంటాది. లేదని అబద్ధం సెప్పలేను."

"కడుపులో ఉంటే ఉండనీ," అంది మాదేవి. "నాకూ ఉండాదని ఇప్పుడే తెలిసింది." కుచ్చిళ్ళు గట్టిగా దోపింది, అతను అబ్బా అనేటట్టు.

గోవిందన్న గడపలోంచి లేచి వచ్చాడు. కూతుర్ని చూశాడు. చీరలో ఉన్నవాణ్ణి చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఈ రోగం ఆయప్పకొక్కనికే అనుకుంటి," అన్నాడు దేవక్కతో. "నా బిడ్డకూ ఉండాదే."

"ఇప్పుడేం సేద్దాం నాయినా?"

"సేసేదేముంది? వీళ్ళను సెరొక ఇంట్లో ఏస్తే రెండిండ్లు తగలబడతాయి. ఒక ఇంట్లోనే ఏస్తే ఒకరికొకరు కాపలా ఉంటారు, పక్కోళ్ళన్నా సుఖపడతారు." అయ్యన్న వైపు తిరిగాడు. "ఉగాదికి మీ పెద్దోళ్ళను తోలుకొని రాప్పా. ఈసారి పంచె గట్టుకొని రా."

ఆయన కాళ్ళకు మొక్కడానికి అయ్యన్న వంగాడు. చీర కట్టుకుని ఎట్లా వంగాలో తెలిసినవాడు కాదు కదా, పైట జారింది. నేలను తాకకముందే మాదేవి పట్టుకుని మళ్ళీ భుజం మీద వేసింది.

డప్పులు అందుకున్నాయి. ముందు హుసేనప్ప, వెనక అయ్యన్న, ఒకే పడుగు మీది రెండు చీరలు గుడి దారి పట్టాయి. అడుగు చిన్నగా వెయ్యమని హుసేనప్ప వెనక్కి తిరిగి చెబుతున్నాడు. మొక్కు ఉన్నవాళ్ళ పక్కన ఆడవాళ్ళు నడవకూడదని ఏమీ లేదు. మాదేవి పక్కనే నడుస్తూ ఉంది.

"అంజీ నీ సెవిలో ఏమన్నది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే సెవులెందుకు ఎర్రబడె?"

"ఎండకు."

"నేను ఈడనే ఉంటి. ఎండ లేదు. ఏమన్నదో సెప్పి గుడిలోకి పో."

ఆమె మొహంలో ఆ మంట మళ్ళీ రాజుకుంటూ ఉంది. అయ్యన్న దాన్ని పక్కచూపుతో చూసుకుంటూ, గాజులు గలగలలాడించుకుంటూ నడిచాడు. గుడి మెట్ల దాకా అడుగుతూనే ఉంది. అతను చెప్పలేదు.